బెట్ట: రెండు వానల నడుమ కళ్యాణదుర్గం

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 553 మిల్లీమీటర్లు. లండన్‌లో కురిసేది ఇంచుమించు 600. రెంటికీ తేడా ఒకటి రెండు మంచి వానలు, అంతే. అయినా లండన్‌ను ఎవరూ కరువుసీమ అనరు. అక్కడివాళ్ల ఏడుపల్లా ఎప్పుడూ ముసురేనని. మనకేమో కళ్యాణదుర్గం పేరెత్తగానే నెర్రెలిచ్చిన చెరువే కళ్లకు కడుతుంది. దాదాపు అంతే వాన పడుతున్నప్పుడు ఈ నీళ్లన్నీ ఏమైపోతున్నట్టు?

కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర టీ తాగుతున్న ఏ రైతును కదిపినా ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. "పడేది పడతాదప్పా. పడాల్సినప్పుడు పడదు."

లెక్క కూడా అదే చెబుతుంది. లండన్‌లో ఆ నీళ్లు ఏడాది పొడుగునా వంద రోజులకు పైగా సన్నగా రాలుతాయి. ఇక్కడ వాన పడిందని రాసుకోదగ్గ రోజులు ముప్పై, నలభైకి మించవు. వాతావరణ శాఖ కొలతలో 2.5 మిల్లీమీటర్లు పడితేనే అది వాన రోజు. అంతకు తక్కువైతే దుమ్ము అణగడానికే సరి. మిగిలిన రోజులన్నీ ఎండా, గాలీ. ఒక వాన వెలిశాక మళ్లీ వాన ముఖం చూసేదాకా సాగే ఈ ఎడానికి రైతు పెట్టుకున్న పేరు బెట్ట.

కరువు అనే మాట పత్రికల్లో రోజూ కనబడుతుంది. బెట్ట మాత్రం వ్యవసాయ పేజీ దాటి ఇవతలికి రాదు. నా మటుకు నాకు ఈ నేలను అర్థం చేసుకోవడానికి కరువు కంటే బెట్టే సరైన మాట. కరువనేది ఏడాది ముగిశాక వేసే లెక్క. బెట్ట నడుస్తున్న రోజుల్లోది. ఆకును చూస్తే తెలుస్తుంది, వేలితో మట్టి తవ్వితే తెలుస్తుంది. ఇంట్లో మనుషుల మాటతీరులోనూ తెలుస్తుంది.

శెట్టూరు, కుందుర్పి దాటి కాస్త ముందుకెళితే కర్ణాటక. అక్కడ 'బెట్ట' అంటే కొండ. బెట్టల మీద మబ్బులు ఆగితే వాన వస్తుందని వాళ్లంటే, బెట్ట వస్తే వాన రాదని వీళ్లంటారు. సరిహద్దు పల్లెల్లో రెండు భాషలూ ఒకే నోట పలుకుతాయి కనుక ఎవరికీ తికమక లేదు.

కళ్యాణదుర్గంలో కొండలకేం కొదవ లేదు. పేరులోనే దుర్గం ఉంది. కళ్యాణప్ప అనే పాలెగాడి పేరు మీద ఊరు వెలిసిందంటారు. ఊరికి ఆనుకుని అక్కమ్మగార్ల కొండ. చుట్టూ బెళుగుప్ప, కంబదూరు, బ్రహ్మసముద్రం. ఎటు చూసినా గుండ్లు తేలిన ఎర్రనేల, గరుగు, మధ్య మధ్య తుమ్మచెట్లు. 2022లో జిల్లాను రెండుగా చీల్చినప్పుడు ఈ డివిజన్ అనంతపురంలోనే ఉండిపోయింది.

మబ్బు తెచ్చేదీ గాలే, తోలేదీ గాలే

నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీద నుంచి మోసుకొచ్చిన తడినంతా పడమటి కనుమల మీదే దించేస్తాయి. కనుమలు దిగి ఇటు పీఠభూమి మీదికి వచ్చేసరికి మిగిలేది పొడిగాలి. ఈశాన్య రుతుపవనాల సంగతి చూస్తే, తూర్పు తీరం ఇక్కడికి చాలా దూరం, దారిలో నల్లమల, శేషాచలం అడ్డం. రెండు వైపుల నుంచీ వాన వస్తుంది, రెండు వైపుల నుంచీ చివరి విస్తరికే వస్తుంది.

జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే ఆ గాలి మామూలుది కాదు. పైపంచె నిలవదు, మాట పక్కమనిషికి వినపడదు. బెళుగుప్ప వైపు గాలిమరలు వరసగా నిలబెట్టింది దీని కోసమే. విత్తనం పడే కాలమూ గాలిమరలు జోరుగా తిరిగే కాలమూ ఒకటే. కరెంటు కంపెనీకి పంట పండే నెలల్లోనే రైతు చేను ఆరిపోతుంది. నేలలోని తడిని ఎండ సగం లాగితే గాలి సగం లాగుతుంది. ఒక ప్రాంతం ఎంత పొడిదో తేల్చడానికి శాస్త్రవేత్తలు పడిన వానను, ఎండా గాలీ కలిసి ఆవిరి చేయగల నీటితో భాగిస్తారు. అనంతపురంలో ఆవిరి చేయగల శక్తి పడే వానకు మూడింతలకు పైమాటే. దేశాన్ని వ్యవసాయ మండలాలుగా విడగొట్టిన నేల శాస్త్రవేత్తలు అనంతపురాన్ని, పక్కనున్న బళ్లారి వైపు నేలల్ని కలిపి దక్కనులోని వేడి శుష్క మండలంగా గుర్తించారు. థార్ ఎడారి బయట అలాంటి పేరు దక్కిన నేలలు తక్కువ.

ఊడ దిగే వారం

బెట్ట ఏం చేస్తుందో చూడాలంటే వేరుశనగ చేనుకే పోవాలి. ఇక్కడ దాన్ని శనక్కాయ అంటారు. ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో ఇదే పంట. కొర్ర, అరిక, సామ, సజ్జ, జొన్న అన్నీ దీనికి చోటిచ్చి పక్కకు జరిగాయి. నూనె మిల్లులు వచ్చాయి, చేతికి డబ్బు వచ్చే పంట, కట్టె పశువులకు మేత. ఎర్రనేలకు బాగా కుదిరిందనే అందరూ అనుకున్నారు, కొంతవరకు నిజమే కూడా.

శనక్కాయకు ఒక వింత గుణముంది. పూత నేల పైన, కాయ నేల కింద. విత్తిన ఇరవైఐదు, ముప్పై రోజులకు పసుపుపచ్చ పూత వస్తుంది. పూవు ఫలదీకరణ చెందాక దాని అడుగు నుంచి సన్నటి పుల్లలాంటిది కిందికి సాగుతుంది. అదే ఊడ. ఆ ఊడ మొన మట్టిలోకి దిగి, అక్కడ చీకట్లో ఉబ్బి కాయవుతుంది. దిగాలంటే పైనున్న రెండంగుళాల మట్టి మెత్తగా, చెమ్మగా ఉండాలి. విత్తిన నలభై, నలభైఐదు రోజుల ప్రాంతంలో ఈ పని జరుగుతుంది. జులైలో విత్తితే అది సరిగ్గా ఆగస్టు నడిమి. ఈ నేలలో బెట్ట ముదిరేదీ అప్పుడే. నేల పైపొర పెంకు కట్టుకుపోతుంది. ఊడ వచ్చి ఆ పెంకుకు తగిలి, లోపలికి పోలేక, అక్కడే మొన ఎండి ఆగిపోతుంది. చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. రోడ్డు మీద కారులో పోయేవాడికి పంట బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పీకి చూస్తే కాయలుండవు.

ఆగస్టులో ఓ మధ్యాహ్నం బ్రహ్మసముద్రం దారిలో ఒక చేనుగట్టున నిలబడి చూశాను. శనక్కాయ ఆకుకు నాలుగు రెక్కలు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆ రెక్కలు రెండేసి చొప్పున ఎదురెదురుగా మూసుకుని, చేనంతా దండం పెడుతున్నట్టు నిలబడింది. ఎండకు ఎదురుగా ఉండే వైశాల్యం తగ్గించుకోవడానికి చెట్టు చేసే పని ఇది. లోపల ఆకురంధ్రాలు కూడా మూతపడతాయి. నీళ్లు పోవు, ఆ రంధ్రాల్లోంచే రావాల్సిన గాలీ రాదు, తిండి తయారవడం ఆగిపోతుంది. చెట్టు బతుకుతుంది, పెరగదు. సాయంత్రానికి రెక్కలు విచ్చుకుంటే ఇంకా ప్రాణముందని అర్థం. పొద్దు వాలినా విచ్చుకోకపోతే ఇంకో నాలుగు రోజులే గడువు.

చేను గలాయన వంగి ఒక మొక్క పీకి నా చేతికిచ్చాడు. మూడు ఊడలు గాల్లో వేలాడుతున్నాయి. మొనలు నల్లగా ఉన్నాయి. "ఇత్తినాక రెండు వానలు బాగా పడె సామీ. మళ్ల మొగం సూపల్యా," అన్నాడు. ఇంకేం అనలేదు. గుంటక తోలుతున్నాడు. పైమట్టిని గుల్ల చేస్తే అడుగున ఉన్న కాస్త తడి పైకి ఎగిరిపోకుండా కొన్నాళ్లు నిలుస్తుంది. కలుపు కోసమే గుంటక అనుకుంటాం గాని, బెట్టలో అది తడికి కప్పే దుప్పటి.

ఇక్కడ సెప్టెంబరే అన్నిటికంటే ఎక్కువ వాన కురిసే నెల. అప్పటికి ఊడల కాలం దాటిపోయింది. నిలిచిన కాయల్లో గింజ ఊరుతున్నప్పుడు మళ్లీ బెట్ట తగిలితే ఇంకో ముప్పు. ఆస్పర్జిల్లస్ అనే బూజు కాయలోకి చొరబడి అఫ్లాటాక్సిన్ అనే విషం వదులుతుంది. ఎగుమతికి పోయే సరుకును వెనక్కి తిప్పేది ఇదే. అన్నీ దాటుకుని అక్టోబరులో కట్టె పీకి చేలో ఆరేస్తే, సరిగ్గా ఆ రోజున కుండపోత. కాలమంతా ఎండబెట్టి, ఆరబెట్టుకోవాల్సిన రోజున తడిపే వాన మీద ఇక్కడివాళ్లు చేసే ఎగతాళిని పేపర్లో అచ్చువేయలేం.

ఉత్తర కార్తె సెప్టెంబరు నడుమ వస్తుంది. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్న సామెత తెలుగునాట అంతటా తెలిసిందే, ఇక్కడ మాత్రం అది బస్సు టైము. ఆ కార్తెకూ వాన రాకపోతే సామాను గంపకెత్తి ఊరు విడవాల్సిందే. ఇప్పుడు గంపల చోట బ్యాగులొచ్చాయి, దారి మాత్రం బెంగళూరే. కట్టడం పనికి, తోటపనికి, వాచ్‌మన్ పనికి. దీపావళి తర్వాత ఏ ఊరికి పోయినా అరుగుల మీద ముసలివాళ్లు, బడిలో పిల్లలు, మధ్య వయసువాళ్ల ఇళ్లకు తాళాలు.

కచేరీ మాట

పాతకాలం కరువులకు సంవత్సరం పేర్లే పేర్లు. 1832-33 గుంటూరు సీమ కరువు నందన కరువు. 1876-78లో వచ్చింది ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు. పెద్దల నోట ధాత కరువు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. బళ్లారి జిల్లాలో భాగం. 1882లో గాని విడిపోలేదు. ఆ కరువులో మదరాసు ప్రెసిడెన్సీని చూడ్డానికి ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిగా డబ్బు ఇస్తే చాలన్నాడు. పౌను అంటే మన లెక్కలో 450 గ్రాములు. ఎండలో రోజంతా రాళ్లు కొట్టేవాడికి అది చాలదని మదరాసు ఆరోగ్య కమిషనర్ కార్నిష్ అడ్డం తిరిగాడు. ఆ వాదం జరుగుతుండగానే జనం రాలిపోయారు. 1871 జనగణనకూ 1881 జనగణనకూ మధ్య బళ్లారి జిల్లా జనాభా బాగా తగ్గింది. ఆ చావుల మీద నుంచే 1880 నాటి కరువు కమిషన్, తర్వాత కరువు నిబంధనల పుస్తకాలు పుట్టాయి. మళ్లీ 1952లో సీమకు కరువొచ్చి ఊరూరా గంజి కేంద్రాలు తెరిస్తే దాన్ని గంజి కరువన్నారు. పంచాంగం తిప్పి చూస్తే అదీ నందన సంవత్సరమే. జ్యోతిష్యం మీద నాకు గురి లేదు గాని, అరవై ఏళ్ల చక్రం రెండుసార్లు తిరిగి వచ్చి అదే పేరు దగ్గర ఆగడం చూసి పెద్దవాళ్లు తల పంకించారంటే తప్పు పట్టలేం.

ఆనాటి కరువులకు లెక్క శవాలు. ఇప్పుడు శాతాలు. 2016 నాటి కేంద్ర కరువు మాన్యువల్‌లో వాన లోటు, విత్తిన విస్తీర్ణం, ఉపగ్రహం చూసే పచ్చదనం, నేలలో తేమ అన్నీ కొలతలే. అందులో బెట్టకు కూడా ఒక గడి ఉంది. వరసగా మూడు, నాలుగు వారాలు మామూలులో సగం వాన కూడా పడకపోతే దాన్ని పొడి కాలంగా గుర్తిస్తారు. బాగానే ఉంది. కాని ఇక్కడి జానెడు లోతు ఎర్రనేలలో తడి నిలిచేది పది, పదిహేను రోజులే. నాలుగో వారానికి కాగితం మీద బెట్ట మొదలయ్యే సమయానికి చేలో కథ అయిపోయి ఉంటుంది.

వానను కొలిచే చోటు గొడవ ఇంకొకటి. మన దేశంలో వాన ఆధారంగా పంట బీమాకు తొలి ప్రయోగం 2003లో మహబూబ్‌నగర్‌లో వేరుశనగ, ఆముదం రైతులతో జరిగింది. ఆలోచన మంచిదే. పంట నష్టాన్ని ఎవరూ వచ్చి చూడనక్కరలేదు, వానమాపకం చెబితే చాలు. కాని ఇక్కడి వాన ఎద్దు కొమ్ముల మధ్య కూడా తేడా చూపిస్తుంది. వానమాపకం ఉన్న మండల కేంద్రంలో దంచికొడుతుంది, మూడు కిలోమీటర్ల అవతల దుమ్ము లేస్తుంది. మాపకంలో నీళ్లున్నాయి కనుక బీమా రాదు, చేలో లేవు కనుక పంట రాదు.

ప్రభుత్వం నేరుగా బెట్ట మీదే యుద్ధం ప్రకటించిన సందర్భం మాత్రం నాకు తెలిసి ఒక్కటే. 2016 ఆగస్టులో అనంతపురం శనక్కాయ ఎండిపోతుంటే నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు జిల్లాలో మకాం వేసి రెయిన్‌గన్లు దింపించారు. కుంటల్లోంచి, ట్యాంకర్లలోంచి నీళ్లు తోడి చేల మీద చిమ్మడం. దానికి పెట్టిన పేరు రక్షక తడి. లక్షల ఎకరాలు కాపాడామని కచేరీ అంది, మా చేనుకు రాలేదని రైతులన్నారు. చివరికి ఆ ఏడాది జిల్లా కరువు జాబితాకే ఎక్కింది. దాన్ని వెక్కిరించడం సులువు. నేను వెక్కిరించను. ఏడాది లెక్క కాకుండా, సరైన వారంలో ఒక్క తడి ముఖ్యమని ప్రభుత్వానికి తట్టిన అరుదైన ఆగస్టు అది. చేతిలో నీళ్లు లేవన్నదే చిక్కు.

ఎడారి అన్న మాట కూడా ఈ జిల్లాకు కచేరీ నుంచే వచ్చింది. ఆర్థికవేత్త సీహెచ్. హనుమంతరావు నాయకత్వంలోని సంఘం 1994లో నివేదిక ఇచ్చాక, అనంతపురం ఎడారి అభివృద్ధి పథకంలోకి వచ్చింది. రాజస్థాన్ జిల్లాల సరసన కూర్చుంది. పేరు వినగానే నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, నిధులొస్తాయని సంబరపడ్డవాళ్లూ ఉన్నారు. వేదవతి ఒడ్డున బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు వైపు పోయి చూస్తే ఆ పేరు అతిశయోక్తి కాదనిపిస్తుంది. గాలికి కదిలే ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరుగుతుంటాయి. ఆ నదికి ఎగువన కర్ణాటకలో 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం ఉంది. దిగువన గుమ్మఘట్ట దగ్గర మన భైరవానితిప్ప ప్రాజెక్టు. అది నిండిన ఏడాదిని ఇక్కడ పెళ్లిళ్ల తేదీలు గుర్తుపెట్టుకోవడానికి వాడతారు.

మనిషిలో బెట్ట

పొడితనాన్ని మనిషికి అంటగట్టడంలో తెలుగు ఏ భాషకూ తీసిపోదు. ముక్తసరిగా జవాబిస్తే పొడిపొడిగా మాట్లాడాడంటాం. నెరవేరనివి శుష్క వాగ్దానాలు, అనుభవం లేనిది శుష్క వేదాంతం. వాతావరణ శాఖ 'శుష్క ప్రాంతం' అని రాసే కాగితంలోనూ ఇదే శుష్కం. పలకరిస్తే పలకనివాడు బెట్టు చేస్తున్నాడు. బెట్టకూ బెట్టుకూ మూలం ఒకటేనని నేను పంతం పట్టను, పండితులున్నారు. నోట మాత్రం అవి పక్కపక్కనే ఉంటాయి. రెంటిలోనూ బిగుసుకోవడం ఉంది, లోపలున్నది బయటికి పోనీయకపోవడం ఉంది.

కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు మొదటి ఏడాది చెప్పే మాట ఒకటుంది. ఇక్కడి మనుషులు ముభావంగా ఉంటారు, మర్యాదకైనా నాలుగు తీపిమాటలనరు అని. నిజమే, అనరు. ఇంటికి పోతే కూర్చోమనరు, చాప వేస్తారు. తింటావా అని అడగరు, సంగటి ముద్ద పెడతారు. తడిని ఎప్పుడూ మంచికి గుర్తుగా తీసుకోవడం డెల్టా అలవాటేమో. గొంతు కోసేవాడు తడిగుడ్డతోనే కోస్తాడని చెప్పిందీ మన భాషే. పొడిమాట మీద ఇలాంటి ఫిర్యాదు ఎక్కడా లేదు.

ఈ నేల మాటతీరుకు పెద్ద సాక్షి ఇంకెవరో కాదు, వేమన. ఆయన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలో ఉంది, ఇప్పుడది శ్రీసత్యసాయి జిల్లా. 1829లో బ్రౌను దొర ఆయన పద్యాలను ఏర్చి, ఇంగ్లిషు చేసి అచ్చువేయించాడు. అలంకారాలు లేవు, పూత లేదు, నేరుగా కాయే. ఇంత ఎండనేలలో పుట్టకుండా ఆ మాటకు అంత పొదుపు వచ్చేదా అని ఎప్పుడూ అనుకుంటాను. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం పెన్నేటి పాట అనే కావ్యం రాశారు. దాన్ని చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు చాలామంది. కాని ఆ కావ్యంలో నన్ను పట్టుకునేది కన్నీళ్లు కాదు, ఎండిన ఏటిని చూసి ఏడవకుండా చూపు నిలిపే నిబ్బరం.

ఇక్కడే నాకొక పేచీ ఉంది. సీమ రైతు గుండె గట్టిది, ఎంత బెట్టనైనా తట్టుకుంటాడు అని సభల్లో పొగుడుతారు. కదిరి పరిశోధన కేంద్రం కొత్త విత్తనం విడుదల చేసినప్పుడు 'బెట్టను తట్టుకునే రకం' అని సంచి మీద రాస్తారు, అది విత్తనానికి సరిపోయిన మాట. మనిషి మీద రాయడం ఏమిటి? తట్టుకుంటాడు అని తేల్చేస్తే నీళ్లివ్వాల్సిన బాధ్యత తీరిపోయినట్టే. 1990ల చివరి నుంచి ఈ జిల్లాలో ప్రాణాలు తీసుకున్న రైతుల పేర్లు చూసిన తర్వాత కూడా ఆ పొగడ్త నోటికెలా వస్తుందో తెలియదు. బెట్ట తగిలిన ఆకు మూసుకుంటుంది. అప్పులపాలైన మనిషి కూడా ముందు మాట మూసుకుంటాడు. రచ్చబండ దగ్గరికి రావడం మానేస్తాడు, చుట్టాల పెళ్లికి పోడు, అడిగితే బాగానే ఉన్నానంటాడు. ఊరికి అది బెట్టులా కనబడుతుంది.

2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ఇదే జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. దేశంలో ఇన్ని ఊళ్లుండగా అక్కడే ఎందుకంటే వేరే జవాబు అక్కర్లేదు. ఎండాకాలం గుంతలు తవ్వే ఆ పని వల్ల వలస ఆగిపోలేదు. కాని వారం వారం ఊరివాళ్లంతా ఒకచోట చేరి పనిచేసే అవకాశం కల్పించడం, నలుగురితో మాటకలిపే చోటు ఇవ్వడం కూడా దాని ఫలితాల్లో ఒకటని నేననుకుంటాను. దానికి ఏ నివేదికలోనూ గడి ఉండదు.

బెట్ట పెట్టేవాడు

ఇంతవరకూ బెట్టను శత్రువుగానే చెప్పాను. కళ్యాణదుర్గం చుట్టుపక్కల చీనీతోటల్లో ఈ మాట తిరగబడుతుంది. కోస్తాలో బత్తాయి అనేదాన్ని ఇక్కడ చీనీ అంటారు. చీనీచెట్టుకు నీళ్లు ఎప్పుడూ పెడుతూనే ఉంటే ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుంది. పూత పట్టాలంటే దానికి భయం పెట్టాలి. అందుకే ఫిబ్రవరి పూత కోసం రైతు డిసెంబరు, జనవరిలో తడి ఆపేస్తాడు. నెల, నెలన్నర. బరువు నేలల్లో ఇంకాస్త ఎక్కువ. దీన్ని చెట్లను బెట్టకు వదలడం అంటారు. ఆకు వాడుతుంది, పండుబారుతుంది, కొంత రాలుతుంది. అప్పుడు పాదులు తవ్వి, ఎరువు వేసి, ముందు పల్చగా ఒక తడి, వారం తర్వాత నిండుగా ఇంకో తడి. మూడు వారాలకు తోటంతా ఒక్కసారి తెల్లబడుతుంది. ఆ వాసన రోడ్డు దాకా వస్తుంది. దానిమ్మకూ ఇదే మందు. నీటివసతి ఉన్న వేరుశనగకు కూడా, మొలిచాక ఇరవై, ఇరవైఐదు రోజులు నీళ్లాపి బెట్టకు గురిచేస్తే పూత ఒకేసారి వస్తుందని శాస్త్రవేత్తలే చెబుతారు.

కష్టం వస్తేనే మనిషి వికసిస్తాడని దీన్ని చూపించి ప్రవచనం చెప్పేవాళ్లుంటారు. వాళ్లు మరిచే సంగతి ఒకటుంది. చీనీకి బెట్ట పెట్టేవాడి దగ్గర బోరు ఉంది. బెట్ట ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ముగియాలో అతని చేతిలో ఉంది. నెలన్నర తర్వాత తడి వస్తుందన్న ఖాయం మీదే ఆ పూత పూస్తుంది. ఆ తడి రాకపోతే బెట్ట వైద్యం కాదు, ఎండు తెగులుకు తలుపు తీయడం. చెట్టు కొమ్మ కొసల నుంచి ఎండుకుంటూ వస్తుంది.

ఆ బోరు కథ మరీ పెద్దది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచేవాడు ఒకచోట ఆగుతాడు. కాయ నిలువునా లేస్తే అక్కడే పాయింటు. పసుపు కుంకుమ పెట్టి రిగ్గు దింపుతారు. నాలుగు వందల అడుగులు, ఆరు వందలు, కొన్నిచోట్ల వెయ్యి. బూడిదలాంటి పొడి పైకి లేచినంతసేపూ కుటుంబమంతా కళ్లార్పకుండా నిలబడతారు. 2002లో వాల్టా చట్టం వచ్చింది, బోరు వేయాలంటే అనుమతి కావాలి. చట్టం వచ్చినా రిగ్గులు ఆగలేదు, నీళ్లూ పైకి రాలేదు. వరసగా వానలు తప్పిన ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు తోలి చీనీచెట్లు కాపాడుకున్న రైతులు, ఆఖరికి ఐదేళ్లు పెంచి కాపుకొచ్చిన తోటను గొడ్డలితో నరికి కట్టెలకు అమ్ముకున్న రైతులు ఈ డివిజన్‌లో ఏ ఊళ్లోనైనా కనబడతారు.

హంద్రీనీవా కాలువలో కృష్ణానీళ్లు 2012లో బెళుగుప్ప మండలం జీడిపల్లి జలాశయానికి చేరినప్పుడు జనం ట్రాక్టర్లెక్కి చూడ్డానికి పోయారు. శ్రీశైలం నుంచి మెట్టు మెట్టుగా ఎత్తిపోసుకుంటూ వచ్చిన నీళ్లు. అక్కడి నుంచి భైరవానితిప్పకు, కళ్యాణదుర్గం చెరువులకు తోడాలన్న పథకం చాలా ఎన్నికల్లో ప్రచారానికి పనికొచ్చింది. నీళ్లు ఎక్కడ చేరితే అక్కడ బెట్ట అనే మాటకు అర్థం మారుతుంది. కిలోమీటరు ఇవతల పాత అర్థమే.

నీళ్లతో పనిలేకుండా బెట్టను ఎదుర్కొనే దారి ఇంకొకటి కూడా ఇప్పుడు ఇక్కడ నడుస్తోంది. 2016 నుంచి ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేస్తున్న రైతు సాధికార సంస్థ మనుషులు ముందస్తు పొడి విత్తనం అంటారు. ఏప్రిల్, మే నెలల్లో, వానచుక్క లేని దుక్కిలోనే, జొన్న, సజ్జ, కొర్ర, కంది, అలసంద, ఉలవ, ఆముదం లాంటి పదీపదిహేను రకాల గింజలకు మట్టి, బూడిద, జీవామృతం పూసి గుళికలుగా చేసి చల్లేస్తారు. పైన ఆకో, శనక్కాయ పొట్టో కప్పుతారు. చిన్న జల్లు పడినా కొన్ని మొలుస్తాయి, మిగిలినవి తమ వానకోసం ఆగుతాయి. ఒక్క పంట మీద, ఒక్క వారం మీద పందెం కాయడం ఇందులో ఉండదు. తాతల కాలపు కలగాపులగం చేనే ఇది, కొత్త పేరుతో వచ్చింది. దిగుబడుల మీద వాదాలున్నాయి. నేల కప్పి ఉంటే వాన పడినప్పుడు నీళ్లు పారిపోకుండా ఇంకుతాయన్న మాటపై మాత్రం ఎవరికీ పేచీ లేదు.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే గొర్రెల దగ్గర. కోత అయిపోయాక మళ్లీ విత్తేదాకా పొలాలన్నీ మందలకు ఉమ్మడి బీడు అన్నది ఇక్కడ తరాల ఆచారం. మంద పెట్టించుకుంటే ఎరువు కూడా వస్తుంది కనుక ఎవరూ కాదనరు. ఇప్పుడు మే నెలలో, కనుచూపు మేర ఎర్రదుమ్ములో, ఒకే ఒక్క చేను పచ్చగా ఉంటే ఊరి మందలన్నీ ఎక్కడికి పోతాయో చెప్పనక్కరలేదు. కంచె వేసేంత డబ్బు ఎవరి దగ్గరా లేదు. కాపరిని తిడితే రేపు మంద పెట్టడు. ఊరంతా ఒకేసారి విత్తితే గొర్రెలు ఎటు పోవాలని ఒక ఊళ్లో మందలు కాసే కురుబల పెద్ద అడుగుతున్నాడు. పొడి విత్తనం వేసినవాళ్లు, వేయనివాళ్లు, మందలున్నవాళ్లు కూర్చుని మాట్లాడుకోవాల్సిన సమావేశం మూడు శనివారాలుగా వాయిదా పడుతోందని ఆ ఊళ్లో చెప్పారు. ఈలోగా ఆ పచ్చని చేను గలాయన మంచం తెచ్చుకుని గట్టునే పడుకుంటున్నాడు.